వచ్చిందన్నారు మాస్టారు

మా వార్డు బాత్రూములో కుళాయి విప్పిన చప్పుడు వినబడితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. ఆపరేషన్ తర్వాత మూత్రం రాని వాళ్ళకోసం మేమే అలా విప్పి ఉంచుతాం. ఆ చప్పుడుకు కొందరికి వస్తుంది. యోహాను మాస్టారికి రాలేదు.

గజపతినగరం దగ్గర మా ఊరి బడిలో ఆయన లెక్కలు చెప్పేవారు. పదో తరగతితో నన్ను మాన్పించేద్దామని మా నాన్న అనుకున్నప్పుడు, వరసగా మూడు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా మా పొలానికి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. రెండుసార్లు నాన్న పని ఆపలేదు. మూడోసారి మాస్టారు, "ఈ గుంటకి ఓపికున్నాది, బావా. నర్సు సదువు సదివించు" అన్నారు. అలా నేను నర్సునయ్యాను.

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది, హెర్నియా ఆపరేషన్‌కి ఆయన విజయనగరంలో నేను పనిచేసే ఆసుపత్రికే వచ్చారు. నేనున్నానన్న ధైర్యంతోనే వచ్చారు. ఉదయం నడుముకి మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. మధ్యాహ్నం మంచం దగ్గరికి వెళ్ళి మూత్రం వచ్చిందా అని అడిగాను. గోడవైపు తిరిగి, వచ్చిందమ్మా అన్నారు. చార్టులో అదే రాశాను. పొత్తికడుపు మీద చెయ్యి వేసి, మూత్రం నిలిచిపోయిందేమో చూడాలని మాకు నేర్పారు. మాస్టారి దుప్పటి తొలగించడానికి నాకు సిగ్గేసింది. ఇంకా పదిమంది రోగులున్నారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రానికి ఆయన చెమటలు కక్కుతూ మెలికలు తిరుగుతున్నారు. పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. డాక్టరుగారు గొట్టం వేస్తే లీటరున్నర దాటి వచ్చింది. అంతగా సాగిపోయిన మూత్రాశయం మళ్ళీ పనిచేయకపోవచ్చని డాక్టరుగారు అన్నారు. ఎందుకు చెప్పలేదని మాస్టారిని అడిగాను.

"నీకు సదువు సెప్పినోణ్ణి. నీ ముందర ఎలాగ సెప్తానమ్మా?"

తర్వాత రెండుసార్లు గొట్టం తీసి చూశారు. కుళాయి విప్పి నేను తలుపు బయట నిలబడ్డాను. రెండుసార్లూ మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. ఆ గొట్టంతో, దానికి తగిలించిన మూత్రం సంచీతోనే ఇంటికి వెళ్ళారు. పక్కవాళ్ళకి వాసన వస్తుందేమోనని చర్చి మానేశారు. నేను చూడటానికి వెళితే సంచీని పంచె కింద దాచుకునేవారు. గొట్టం మార్చడానికి ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. రెండో ఏడు ఇన్ఫెక్షన్ కిడ్నీలకి పాకి చనిపోయారు. ఆ మధ్యాహ్నం నేను చెయ్యి వేసి చూడలేదని ఆయనకి చెప్పలేకపోయాను. తప్పంతా తనదేనని నమ్మి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆపరేషనైన ప్రతి మనిషికీ, వచ్చిందని చెప్పినా సరే, చెయ్యి వేసి చూస్తాను. కొందరు సిగ్గుతో ముడుచుకుంటారు, కొందరు కసురుకుంటారు. దీనివల్ల ఎవరికైనా మేలు జరిగే ఉంటుంది. నాకు మాత్రం బరువు తగ్గలేదు. అబద్ధం చెప్పింది మాస్టారే కావచ్చు. చార్టులో ఉన్నది నా చేతిరాత.