తేలిక పైపుల అత్తగారు

మా అత్తగారు పోయారు. కార్తీకమాసం మొదట్లో, పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెడుతూనే ఒరిగిపోయారు. డాక్టరు గారు వచ్చేలోపే అంతా అయిపోయింది.

రాజమండ్రి శివార్లలో, ఇంటి పక్కనే మాకో చిన్న పీవీసీ పైపుల ఫ్యాక్టరీ ఉండేది. మామగారి తర్వాత ఆవిడే నడిపారు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని మిక్సరు దగ్గర నిలబడితే కనుబొమల మీద కూడా తెల్లటి పొడి పేరుకునేది. నేను కాపురానికొచ్చిన కొత్తలోనే, "కొత్త కోడలివని కూర్చోబెడతానా ఏంటి? రా, ఆ సుద్ద బస్తా పట్టుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అలాంటి అత్తగారు ఎవరికి కావాలి చెప్పండి!

పైపు చేసే ప్లాస్టిక్ పొడిలో సుద్దపొడి కలుపుతారు. కాస్త వేస్తే పైపు బిగువుగా వస్తుంది, ఖర్చూ కలిసొస్తుంది. మోతాదు మించితే పెళుసు. "కూరలో ఉప్పనుకో అమ్మాయ్, చెయ్యి జారకూడదు" అనేవారు. వానాకాలం సుద్ద చెమ్మెక్కితే పైపులో బుడగలొస్తాయని బస్తాలన్నీ బల్లలమీదకి ఎక్కించేవారు. కొత్త సరుకుతో తీసిన మొదటి పైపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ వెంటనే సుత్తితో ఒక్కటిచ్చేవారు. "బొట్టు మనకోసం, దెబ్బ రైతుకోసం."

ఇంతలో చుట్టుపక్కల కొందరు సుద్ద దట్టించి అమ్మడం మొదలెట్టారు. సుద్ద ప్లాస్టిక్ కన్నా బరువు. మన రైతులేమో పైపుని భుజానికెత్తి చూసి కొంటారు, బరువుంటే గట్టి సరుకని లెక్క.

"మీది మరీ తేలిగ్గా ఉందండి అమ్మగారూ" అనేవారు.

"ఇదిగో సుత్తి, మీరే కొట్టి చూడండి బాబూ" అనేవారీవిడ.

"అయ్యో, కొనకుండా పగలగొడతామా అండీ" అని నవ్వేసి పక్క కొట్టుకి పోయేవారు.

మనమూ కాస్త ఎక్కువేద్దాం అత్తయ్యగారూ అని నేనూ మావారూ బతిమాలాం. "మట్టి కింద పాతేదమ్మాయ్ అది. పగిలితే మనకి కనపడదు, వాళ్ల నాట్లకి తెలుస్తుంది" అన్నారు. చివరిదాకా ఆ పట్టు వదల్లేదు. ఫ్యాక్టరీ మూతపడింది. మెషీను లారీ ఎక్కుతుంటే ఆవిడ ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాతెప్పుడో అన్నం కలుపుతూ, "నా మొండితనమే ముంచిందేమోనమ్మాయ్" అన్నారు. కాదని చెబుదామంటే నా దగ్గర ఏ రుజువూ లేకపోయింది. ఆ మాట ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

కర్మకాండలు ముగిసిన మర్నాడు కోరుకొండ వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాక్టరు వేసుకుని వచ్చారు.

"ఫ్యాక్టరీ గేటుకి తాళం ఉందేంటండి? అమ్మగారు లేరా?" అన్నారు. నేను చెప్పేలోపే ఆయనే అందుకున్నారు. "బజార్లో బరువు పైపులు తెచ్చి వేశానండి. మోటారు వెయ్యగానే బద్దలైపోయాయి. పాత చేలో మీ పైపుల మీద నుంచి ట్రాక్టరు పోయినా చెక్కు చెదరలేదండి. ఇక లైనంతా మీదే వేద్దామని వచ్చాను. ఆవిడ మాటే నిజమైందని ఆవిడతోనే చెప్పాలండి."

చెప్పాను, ఆవిడ లేరని.

పెద్దాయన చెప్పులు విప్పి, తాళం వేసిన గేటుకి దణ్ణం పెట్టి, ఖాళీ ట్రాక్టరు కాలవగట్టు మీదకి తిప్పుకుని వెళ్లిపోయారు.