బిచ్యా కిటికీ ముందు వరస

బిచ్యా కొత్తగూడెంలో ఒక బొగ్గు గని దీపాల గదిలో పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంటికీ అతని ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అవతల పోయిన ఏడాది జరిగింది చెబుతున్నాను. నా మాట నమ్మే అలవాటు మా ఇంట్లోనే ఎవరికీ లేదు కాబట్టి మీరూ మొహమాటపడనక్కర్లేదు.

దీపాల గది అంటే తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేముందు కిటికీలోంచి ఆ బిళ్ల ఇస్తే, నెత్తికి పెట్టుకునే దీపం ఇస్తారు. బిళ్లను లోపల మేకుకు తగిలిస్తారు. పని అయ్యాక పైకి వచ్చి దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగి చేతికి వస్తుంది. మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడు. దీపం అప్పగించనిదే ఎంతటివాడికైనా బిళ్ల ఇవ్వకూడదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బిచ్యా ఈ నియమం తప్పలేదు. ఒకసారి సొంత మామకే ఇవ్వనన్నాడు. ఆ మామ చచ్చేదాకా వీళ్లింట్లో నీళ్లు తాగలేదు.

బిచ్యా తమ్ముడు లాలు అదే గనిలో దిగేవాడు. చాలా ఏళ్ల కిందట ఒక వానాకాలం కింద గనిలోకి నీళ్లు చొరబడ్డాయి. అందరూ పైకి వచ్చారు, లాలు రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఆ దారినే మూసేశారు. కాగితాల్లో లాలు చనిపోయాడు. అతని భార్య సోనికి గనుల ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. కానీ బిళ్ల మేకుకే ఉండిపోయింది. బిచ్యా రిటైరైన రోజు దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ముందు గదిలో ఒక చెక్క బిగించి, మేకు కొట్టి తగిలించాడు.

“బిళ్ల ఉన్నంక మనిషి ఉన్నట్టే” అన్నాడు. కర్మ చేయనివ్వలేదు.

ఇంటి పెద్దవాడు ఒప్పుకోనిదే వాళ్ల లంబాడీ తండాలో కర్మ జరగదు. కర్మ జరగనిదే సోని చెంపల పక్కన వేలాడే వెండి గుత్తులు తీయకూడదు. మొగుడున్న ఆడవాళ్లే అవి పెట్టుకుంటారు. ఆఫీసులో ఆమె విధవ, ఆ లెక్క మీదే ఉద్యోగం. తండాలో ముత్తైదువ. పొద్దున బస్సెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుని వెండి విప్పి టిఫిన్ సంచిలో వేసుకునేది. సాయంత్రం తండా మలుపు రాకముందే మళ్లీ పెట్టుకునేది. ఏటా ఒకసారి వచ్చి బిచ్యాను అడిగేది.

“బావా, నన్ను ఏదో ఒక దిక్కు ఉండనియ్యి. రెండు దిక్కులు నాతోని ఐతలేదు.”

“వాని బిళ్ల రానియ్యి బిడ్డా” అనేవాడు బిచ్యా.

అడవి అంచున ఉన్న ఊళ్లలో పాత నాణేలు ఎక్కడ పడితే అక్కడ బయటపడతాయి. రిటైరయ్యాక బిచ్యాకు వాటి పిచ్చి పట్టింది. పోయిన ఏడాది ఎన్నో తెచ్చాడు గానీ ప్రాణంగా చూసుకున్నవి నాలుగే.

మొదటిది దమ్మపేట దగ్గర కాశయ్య అనే రైతు పామాయిల్ మొక్క కోసం గుంత తీస్తుంటే దొరికింది. విష్ణుకుండినుల కాలం నాటిది. ఒకవైపు పంజా ఎత్తిన సింహం, మరోవైపు కుండ. బిచ్యా దానికి కన్నం పెట్టలేదు. సన్నటి రాగి తీగ చుట్టి, వేరే చోటు లేక, లాలు బిళ్ల పక్కన ఇంకో మేకుకు వేలాడదీశాడు. చేసిన పొరపాటు అదే, మేకుకు ఎక్కిన బిళ్లకు కింద ఒక మనిషి ఉంటాడు గదా. దీపాల గదిలో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ అలాంటి పొరపాటు చేయరు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారే సైరన్ మోగింది. బిచ్యా ఇంటి ముందు గది కిటికీ బయట ఒక మనిషి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా గుడ్డ, చెవులకు బరువైన పోగులు, కాళ్లకు ఎర్రమన్ను. నడినెత్తిన మే నెల ఎండ. అతను మాత్రం కళ్లు చిట్లించడం లేదు. చెయ్యి లోపలికి చాపి ఊరుకున్నాడు.

బిచ్యాకు భయం కన్నా ముందు అలవాటు వచ్చింది. “దీపమేది?” అన్నాడు.

ఆ మనిషి ఖాళీ చేతులు చూపించాడు.

“దీపం లేకుంటే బిళ్ల రాదు. ఏ ఊరు నీది? రూలు తెల్వదా?”

ఆ మనిషి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. లోపలి నుంచి బిచ్యా భార్య చాంది వచ్చింది. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో అనుకున్నది మన మాటలో చెబుతున్నాను.

“ఎవరితోని లొల్లి పెట్టుకున్నవ్?”

“గా సింహం బిళ్లాయన వచ్చిండు.”

“ఎండ తలకెక్కినట్టున్నది” అంటూ చాంది కిటికీ కిందికి చూసింది. గచ్చు మీద ఎర్రటి అడుగులు. చూసి “వచ్చేటోళ్లు కాళ్లన్న కడుక్కొని రావొద్దా?” అని గొణిగి చీపురు తెచ్చింది. అడుగులు పోయేదాకా ఊడ్చింది.

ఆ మనిషి రోజూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా బిచ్యా ఒకటే అడిగేవాడు. “కింద మా తమ్ముడు కనవడ్డడా? లాలు అంటరు. పొట్టిగ ఉంటడు, బాగ నవ్వుతడు.” ఆ మనిషి మళ్లీ ఖాళీ చేతులే చూపించేవాడు.

రెండోది గోదావరి వరద తీశాక భద్రాచలంలో దొరికింది. రేవులో ఇసుక జల్లించే వెంకమ్మ దాన్ని బటన్ అనుకుని పక్కన పెట్టింది. శాతవాహనుల సీసపు నాణెం. తొండమెత్తిన ఏనుగు, వెనక నాలుగు సున్నాలు కలిపిన గుర్తు. అది మేకుకు ఎక్కిన మర్నాడు ఒక పడవవాడు వచ్చాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. అతను పోయాక చాంది గచ్చు తుడిచి గుడ్డ బకెట్లో పిండితే రెండు చేపపిల్లలు కనిపించాయట. నేను గోడ మీంచి చూసినప్పుడు ఒకటే ఉంది.

ఆ పడవవాడు మాట్లాడాడు. ఏ కాలపు మాటో ఏమో. చీకట్లో పనిచేసినవాళ్లకు సగం మాట చాలు కాబట్టి బిచ్యాకు అర్థమైంది.

“కింద ఒకడున్నాడు. నెత్తిన దీపం ఉంది. ఆ వెలుగు వెంట నడిచే మేం నీ కిటికీ దాకా వస్తున్నాం. వీధి మలుపు దాకా వచ్చి అతను ఆగిపోతాడు.”

బిచ్యా కిటికీ ఊచలు పట్టుకున్నాడు. “ఎందుకు ఆగుతడు? ఇంటికి రావొచ్చుగద?”

“దీపం అప్పగించాలి గదా. అప్పగిస్తే మేం మళ్లీ ఎట్లా పోతాం?”

నేను కాన్వెంట్‌లో చదివాను. ఆత్మలు పైకి పోతాయని సిస్టర్లు చెప్పారు. కింది నుంచి వరస కట్టి వచ్చేవాళ్ల గురించి ఏమీ చెప్పలేదు. అందుకని ఆ రోజు నుంచి సైరన్ వేళకు గోడ దగ్గర కుర్చీ వేసుకున్నాను. వీధి మలుపులో, పట్టపగటి ఎండలో, పసుపు పచ్చటి చుక్క ఒకటి కనిపించేది. ఎండలో దీపం కనిపించదంటారు. ఇది కనిపించింది. దాని చుట్టూ ఎండే కొంచెం చీకటిగా ఉండేది.

ఇక బిచ్యాను పట్టడం ఎవరివల్లా కాలేదు. ఎక్కువమంది వస్తే లాలు ఎక్కువసార్లు పైకి వస్తాడని అతని ఆశ. మూడో నాణెం పాత ఇత్తడి సామాన్లు కొనేవాడి మూటలో దొరికింది. బహమనీ సుల్తానుల రాగి బిళ్ల. దానికి మెడ పక్కకు వాలిపోయిన సిపాయి ఒకడు వచ్చాడు. కిటికీ ముందు వరస పెరిగింది. ఎవరికీ దీపం లేదు, ఎవరికీ బిళ్ల దక్కలేదు. వాళ్లు పోయాక కూడా ఇంట్లో తడిమన్ను వాసన పోయేది కాదు. చాంది అన్నం పెడుతూ కిటికీకి వీపు తిప్పి కూర్చునేది.

ఈ లోపల మలుపులో చుక్క సన్నబడటం మొదలైంది. ముందు దోసగింజంత, తర్వాత ఆవగింజంత. అది చూసి బిచ్యాకు నిద్ర పట్టడం మానేసింది.

“దీపం ఒక షిఫ్టుకే వస్తది సారూ. వాడు ఇన్నేండ్లు ఎట్ల మండించిండో! ఆరిపోయిందనుకో, వాడు చీకట్ల పడతడు. ఇగ దారి ఉండదు.”

“కర్మ చేసెయ్యరాదూ?” అన్నాను.

“బిళ్ల మేకుకు ఉండంగ కర్మ ఎట్ల చేస్త? నేను దీపాల గదోన్ని.”

నాలుగోది ఖమ్మంలో దొరికింది. గడియారాలు బాగుచేసే ముసలి సాబ్ ఇచ్చాడు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాగి నాణెం. దాని మీది రాతను సాబ్ కళ్లద్దం పెట్టుకుని చదివి చెప్పాడు. శుభంగా ముగిసింది అని రాసి ఉందట. బిచ్యా దాన్ని మేకుకు తగిలించి మర్నాడు సైరన్ కోసం కూర్చున్నాడు.

సింహం బిళ్లవాడు వచ్చాడు. పడవవాడు వచ్చాడు. సిపాయి వచ్చాడు. నాలుగో నాణేనికి ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. ముగ్గురు దెయ్యాలకు టీ తాగినంత తేలిగ్గా జవాబు చెప్పిన మనిషి, ఆ రాని ఒక్కడి కోసం గజగజ వణికాడు.

“అందరు వస్తున్నరు. గీయన ఎందుకు రాలే?”

అప్పుడు అన్నం పెడుతున్న చాంది కిటికీ వైపు తిరిగింది. “ఎందుకొస్తడు? ఆయనది ముగిసింది. ముగియనోళ్లే వస్తున్నరు. నువ్వే ముగియనిస్తలేవ్. బిళ్లలు పట్టుకొని కూసున్నది నువ్వు. మలుపుకాడ నిలవెట్టింది నువ్వు. నీ తమ్ముడు మనల్ని విడిచిపెడ్తలేడనుకున్నవా?”

బిచ్యా అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చాంది సోనికి ఫోన్ చేసింది.

సోని మర్నాడు ఆఫీసులో సెలవు చెప్పి వచ్చింది. ఇంట్లోకి రాలేదు. సైరన్ మోగే వేళకు బయట కిటికీ దగ్గరికి పోయి, ఆ ముగ్గురూ రోజూ నిలబడే చోట నిలబడింది. ఆమెకు వాళ్లు కనిపించలేదు. తడి గచ్చు మీద చెప్పులు జారితే ఊచ పట్టుకుంది. లాలు నంబరు చెప్పింది.

బిచ్యా “దీపమేది?” అన్నాడు.

సోని సంచిలోంచి ఒక చార్జింగ్ లైటు తీసి కిటికీ అంచున పెట్టింది. తండాలో కరెంటు పోయినప్పుడు వాడుకునేది. “నిండ చార్జింగ్ పెట్టి తెచ్చిన.”

“ఇది వాని దీపం కాదు.”

“కింద దీపం పోగొట్టుకున్నోళ్లు ఉండేటోళ్లు గద బావా? వాళ్లకు ఏం చేసేటోనివి?”

“వేరే దీపం జమ కట్టించుకునేటోన్ని.”

“బిళ్ల ఇచ్చేటోనివా?”

“ఇచ్చేటోన్ని.”

“అయితే గిది జమ కట్టుకో. ఆయన దీపం ఆయన దగ్గర్నే ఉండనియ్యి. ఏడికి పోతడో పోనియ్యి. నా మనిషి బిళ్ల నాకియ్యి.”

బిచ్యా లైటు చేతిలోకి తీసుకున్నాడు. అద్దం చూశాడు, వెలిగించి చూశాడు, ఆర్పాడు. దీపాల గదిలో చేసినట్టే చేశాడు. తర్వాత లేచి చెక్క దగ్గరికి పోయాడు. చెయ్యి మేకు దాకా లేచి ఆగింది, మళ్లీ లేచింది. బిళ్ల తీసి ఊచల మధ్య నుంచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆగకుండా మిగతా నాణేలు కూడా ఒక్కొక్కటీ మేకుల నుంచి దించి కిందపెట్టాడు.

నేను గోడ మీద నుంచి మలుపు వైపు చూస్తున్నాను. చుక్క ఒక్కసారి నిండుగా వెలిగింది. వెనక్కి తిరిగి అడవి రోడ్డు వైపు కదిలింది. దాని వెంట మట్టికాళ్లవాడు, పడవవాడు, మెడ వాలిన సిపాయి వరసగా నడిచారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు. బిచ్యా ఊచలకు మొహం ఆనించి చూస్తున్నాడు.

“ఏంది బావా, గట్ల చూస్తున్నవ్?” అంది సోని.

“నవ్విండు బిడ్డా” అన్నాడు.

కర్మ తండాలో జరిగింది. ఇన్నేళ్లు అడిగి అడిగి అలసిపోయిన సోని, ఆడవాళ్లు వెండి విప్పబోతే రెండు చెంపలూ గట్టిగా మూసుకుంది. విప్పనివ్వలేదు. “బస్సుల రోజు విప్పినప్పుడు గింత నొప్పి లేకుండె అక్కా” అని ఏడ్చింది. చాంది పక్కన కూర్చుని, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. బిళ్ల మాత్రం సోని దగ్గరే ఉంది. ఇప్పుడు బస్సులో ఏ సీటు దొరికితే ఆ సీట్లో కూర్చుంటుంది.

బిచ్యా ఇప్పటికీ నాణేలు తెస్తాడు. పెట్టెలో గుడ్డ పరిచి పెడతాడు, మేకుకు తగిలించడు. సైరన్ మోగగానే కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఎవరూ రారు. ఒకరోజు “బోర్ కొడుతున్నది సారూ” అన్నాడు. నేను నవ్వలేదు.

చాంది రోజూ వాకిలి కడుగుతుంది. కిటికీ కింద కొంచెం చోటు మాత్రం వదిలేస్తుంది. ఎందుకమ్మా అని అడిగాను.

“ఎవరన్న నిలవడ్డరేమో సారూ. మీద నీళ్లు పడతయ్” అంది.