నిలబడని ముల్లు

వెనిగర్ కలిపిన నీళ్లలో ఇత్తడి సామాను నానుతుంటే లేచే పుల్లటి వాసన మా అంగడికి వచ్చేవాళ్లకు సరిపడదు. "ఏం శెట్టీ, మోటార్ల అంగట్లో ఊరగాయ పెట్టినావా?" అని ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే పక్క గదిలోంచి దావీదన్న దగ్గు వినపడుతుందేమోనని చెవి అటు పోతుంది. ఆయన పోయి చాలా కాలమైంది. నా చెవికి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయనది నందవరం దగ్గర పల్లె. కూలి కుటుంబంలో పుట్టి, బొంబాయి రేవుకు పోయి, నీటి అడుగున పనిచేసేవాళ్ల సామాను బాగుచేయడం నేర్చుకున్నాడు. రొమ్ము చెడి తిరిగొచ్చి, ఎమ్మిగనూరులో మా అంగడి పక్క గది అద్దెకు తీసుకున్నాడు. నేను ఆదోని పత్తి బజారు బేరాల మధ్య పెరిగినవాణ్ణి. పుట్టగానే మంత్రసానితో కూడా బేరమాడి ఉంటానని మా ఇంట్లో ఎగతాళి. తాగే నీళ్లకే కొట్లాడుకునే ఈ సీమలో మునిగేవాళ్ల సామాను నమ్ముకుని ఈయన ఎట్లా బతుకుతాడని నవ్వుకున్నాను. కానీ మా బావుల్లో మోటార్లు పడతాయి. కాలువల్లో, క్వారీ గుంతల్లో మనుషులు పడతారు. వాళ్లను వెలికితీసే ఖాదర్ లాంటి గజ ఈతగాళ్లకు దావీదన్న గడప తొక్కక తప్పేది కాదు.

వీపున మోసే సిలిండర్‌లో గాలి భయంకరమైన ఒత్తిడితో ఉంటుంది. దాన్ని నోటికి తగినట్టు తగ్గించి, పీల్చినప్పుడు మాత్రమే వదిలేది రెగ్యులేటర్. దావీదన్న దాన్ని నిలువునా విప్పి, వెనిగర్ నీళ్లలో కడిగి, లోపలి రబ్బరు చుట్లు బాగున్నా సరే పారేసి కొత్తవి వేసేవాడు. మంచి సరుకు చెత్తబుట్టలో పడుతుంటే నా ప్రాణం గిలగిలలాడేది. మామూలు నూనెను బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు, అంత ఒత్తిడిలో దానికి నిప్పంటుకోవచ్చని. తర్వాత ఒత్తిడి చూపించే గేజీని తగిలించి, దాని అద్దానికి మొహం ఎదురుపెట్టకుండా పక్కకు జరిగి, సిలిండర్ మరను మెల్లగా తిప్పేవాడు. ఇక ఆ గేజీ ముల్లును చూస్తూ కూర్చునేవాడు. ముల్లు ఒకచోటికి వచ్చి నిలబడాలి. ఆ తర్వాత వెంట్రుకవాసి పైకి పాకినా లోపల గాలి సరిగా ఆగడం లేదని లెక్క. అంతసేపూ ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. టీ మీద మీగడ కట్టేది. ముల్లు నిలిచాక రెగ్యులేటర్‌ను నోట కరుచుకుని, పెరట్లో సిమెంటు తొట్టిలో తల ముంచేవాడు. తాను పీల్చి చూడనిదాన్ని ఇంకొకరి నోటికి ఇచ్చేవాడు కాదు.

ఒక ఎండాకాలం, మగ్గం నేసే నాగవేణమ్మ కొడుకు క్వారీ గుంతలో ఈతకు దిగి మునిగిపోయాడు. మరుసటి పొద్దున ఖాదర్ తన రెగ్యులేటర్ చూపించుకోవడానికి వచ్చాడు. వెనకే ఆ తల్లి. బతికి ఉంటాడన్న ఆశ అప్పటికే లేదు. శవమైనా దక్కాలి.

"నిలబళ్లేదు," అన్నాడు దావీదన్న, ముల్లు చూస్తూ.

నేను కళ్లద్దాలు తుడుచుకుని వంగాను. "నిలబడే ఉండాది గదన్నా."

"ఇంగా సూడు."

చూశాను. పాకింది. చీమ కూడా విసుక్కునేంత మెల్లగా.

"అన్నా, దిగేది, మోకు తగిలించేది, వచ్చేది. అంతే గదా," అన్నాడు ఖాదర్.

"అడుగున బురద. నీ సెయ్యి నీకే కనపడదు. ఆడ ఇది గాలంతా ఒగేసారి ఇడిసేస్తే పైకి యా పక్కనో నీకు తెలుస్తాదా?"

నాలోని వ్యాపారి ఊరుకోలేదు. "పోనీ అన్నా, నడుముకు మోకు కడదాం. సగం లోతుకే పొమ్మందాం."

"నాతో బేరమాడొద్దు శెట్టీ. ఆ ముల్లుతో ఆడు. అది ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

నాగవేణమ్మ గడప మీదే కూలబడింది. "అప్పా, మొగం సెడకముందే నా బిడ్డను ఒగసారి సూసుకుంటా. నీ కాళ్లు మొక్కుతా."

"లోపల గాలిని ఆపే బిళ్ల అరిగిందమ్మా. కొత్తది వచ్చిందాకా ఇయ్యలేను," అని ఆయన రెగ్యులేటర్‌ను అక్కడికక్కడే విప్పి ముక్కలుగా పరిచేశాడు, ఎవరూ లాక్కుపోకుండా.

పైనుంచి కొక్కేలు వేసి వెతికారు. తగల్లేదు. బొంబాయి నుంచి కొత్త బిళ్ల రాకముందే శవం తనంతట తానే తేలింది. గుర్తుపట్టే స్థితిలో లేదు. చొక్కా చూసి ఒప్పుకున్నారు. కర్మ అయ్యాక నాగవేణమ్మ వచ్చి బజారు నడుమ నిలబడి పిడికెడు మన్ను ఆయన గదిలోకి విసిరింది. "నా కొడుకు మొగం నాకు లేకుండ సేస్తివి గదరా!" ఖాదర్ కూడా ఆమె వెనకే ఉన్నాడు. ప్రాణాలతో, కోపంతో.

పాత బిళ్లను నేను భూతద్దంలో చూశాను. గాలిని ఆపే అంచు మీద గోరు గీసినట్టు చీలిక. "ఇది చూపించన్నా! నీ తప్పు లేదని నలుగురికీ తెలుస్తాది," అన్నాను. చేతిలో అంత రుజువు పెట్టుకుని మాటపడే మనిషిని మా బజార్లో నేను చూడలేదు.

ఆయన మన్ను ఊడుస్తున్నాడు. "కొడుకు పోయిన తల్లికి ప్లాస్టిక్ ముక్క సూపించమంటావా?"

ఆ తర్వాత ఆయన దగ్గు ముదిరింది. ఒకనాడు తొట్టిలోంచి తల ఎత్తి, చాలాసేపు రొప్పి, నన్ను పిలిచాడు. "ఇది బిగుసుకుందో నా రొమ్ము బిగుసుకుందో తెలీడం లేదు శెట్టీ. నువ్వు పీల్చి సెప్పు." తల ముంచాను. బజారు రొద మొత్తం ఆగిపోయి నా ఊపిరి ఒక్కటే మిగిలింది.

"సుళువుగా వస్తాందన్నా."

"సరుకమ్మినట్ల సెప్పొద్దు. మళ్ల పీల్చు."

మళ్లీ పీల్చాను. ఆయన చివరి రోజుల దాకా ఆ గదిలో పీల్చే పని నాదే అయింది. ఇప్పుడు ఆ బల్లా నాదే. ఖాదర్ ఇప్పటికీ వస్తాడు, ముల్లు నిలిచేదాకా తొందరపెడుతూనే ఉంటాడు.

ఇవాళ వాన. ఒక రెగ్యులేటర్‌ను గేజీకి తగిలించి ముల్లు చూస్తూ కూర్చున్నాను. నాగవేణమ్మ మా అంగడి చూరు కిందికి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇటు మొహం తిప్పలేదు. స్టూలు వేశాను. నా చెయ్యి దానంతట అదే పోయి గల్లాపెట్టె తెరిచింది. ఆ చీలిన బిళ్ల అందులోనే ఉంది.

"ఈ పులుపు వాసన ఇంగా పోలేదే," అంది.

"పోదమ్మా."

వాన వైపు చూస్తూ కూర్చుంది. "తేలినప్పటి మొగమే కనపడతాండాదప్పా. ముందరి మొగం ఎంత తలుసుకున్నా రాదు."

గల్లాపెట్టె మూసేశాను. గేజీ ముల్లు ఇంకా పాకుతూనే ఉంది. టీ తెప్పించి ఒక గ్లాసు ఆమెకిచ్చాను. నా గ్లాసు బల్ల మీద చల్లారిపోయింది.