చుట్టలు చప్పబడిన ఏడాది

పోయిన ఆదివారం తాడేపల్లిగూడెంలో మా చెల్లెలింటికి వెళితే, భోజనాలయ్యాక వాళ్ళ అల్లుడుగారు వరండాలో కూర్చుని, నగల పెట్టెలాంటి ఒక చెక్కపెట్టెను ఎంతో భక్తిగా తెరిచారు. లోపల మెత్తటి గుడ్డ మీద వరసగా పడుకోబెట్టినవి నగలు కావు, చుట్టలు. చుట్టలంటే ఆయన కాస్త నొచ్చుకున్నారు, సిగార్లనాలట. సముద్రాల అవతల ఎక్కడో చేత్తో చుట్టినవట. తాగిన ప్రతిదాని మీదా ఇంటర్నెట్టులో సమీక్ష రాసి మార్కులు వేయడం ఆయనకు సరదా. అప్పుడే రాసినది నాకు చదివి వినిపించారు: మొదటి దమ్ముల్లో వాన పడ్డ మన్ను, సగానికి వచ్చేసరికి వేయించిన కాఫీ గింజ, చివర్లో పాత తోలు.

"వానమన్ను రుచి మీకెలా తెలుసు బాబూ? చిన్నప్పుడు తిన్నారా?" అన్నాను.

"మీతో పెట్టుకోకూడదండీ పెద్దత్తయ్యగారూ," అని నవ్వి, వాసన చూడమని పెట్టె నా ముందుకు జరిపారు.

ఇంకో రెండు మాటలు అనడానికే వంగాను. ఆ వాసన తగిలాక మాత్రం ఆ రెండు మాటలూ మరిచిపోయాను, నన్నెరిగిన వాళ్ళకు అదెంత అరుదో తెలుసు. తడి గోనెసంచి, ఎండిన ఆకు, రవ్వంత బెల్లం, అన్నీ కలిసిన ఆ వాసనలో నేను మండవల్లిలో మా తాతయ్య కొట్టు అరుగు మీద జడలు వేసుకుని కూర్చుని ఉన్నాను.

నాన్నగారి ఉద్యోగం ఊళ్ళు తిరిగేది కావడంతో అమ్మా, నేనూ, చెల్లెలూ అమ్మమ్మగారింట్లోనే ఉండేవాళ్ళం. తాతయ్యది చుట్టల కొట్టు. గోదావరి లంకల్లో పండిన పొగాకు తెప్పించి, బెల్లం నీళ్ళు చిలకరించి గోనెల కింద మెత్తబరిచి, ఈనెలు లాగేసి, ఇంటి వసారాలోనే మనుషుల్ని పెట్టి చుట్టించేవాడు. కొల్లేట్లో వేటకు పోయేవాళ్ళు, చేలగట్ల మీద తిరిగే రైతులు, వాళ్ళింటి ఆడవాళ్ళు, అందరూ మా కొట్టు చుట్టలే కావాలనేవారు. ఇంతాచేసి తాతయ్య జన్మలో ఒక చుట్ట పూర్తిగా కాల్చి ఎరగడు. ఒక్క దమ్ముకే దగ్గు వచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఇంక ఆ కొట్టుకు నాలుక ఎవరంటే, మా అమ్మమ్మ.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మన వైపు పెద్ద ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే నిప్పున్న కొస నోటి లోపల, చుట్టిన కొస బయట. గాలికి ఆరదు, చంకలో పిల్ల మీద నిప్పు పడదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. మగవాళ్ళ ఎదట పొగ కనబడకుండా ఉండడం కోసమని కొందరంటారు గానీ, మా అమ్మమ్మ మగవాళ్ళని చూసి ఏదైనా దాచుకున్న మనిషని నేను నమ్మను. కొత్త ఆకుతో చుట్టిన మొదటి చుట్ట తీసుకుని తాతయ్య వంటింటి గడప దాకా వచ్చి నిలబడేవాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ దొర్లించి, చెవి దగ్గర నొక్కి, వెలిగించి నిప్పు లోపలికి పెట్టుకుని, అలాగే కూర తరుగుతూ సగం కాల్చేవరకూ మాట్లాడేది కాదు. ఆ తర్వాత తీర్పు. ఆవిడ సమీక్షలకు మన్నూ తోలూ అక్కరలేదు. ఒకటేమో పెళ్ళికొడుకు చుట్ట, పైన సోకు లోపల గాలి. ఇంకొకటి అత్తగారి చుట్ట, ఆరదు, ఆగదు. మరొకటి చుట్టాలు వెళ్ళిపోయాక కాల్చుకోవలసిన చుట్ట. ఈ చివరి మాట అంటే చాలు, తాతయ్య మొహం వెలిగిపోయేది. ఆ ఆకు చుట్టలన్నీ కట్టలుగా కొట్లోకి చేరేవి. ఇంట్లో మిగతా విషయాల్లో ఆయన మాటే చెల్లేది గానీ, ఆ గడప దగ్గర మాత్రం ఆయన పరీక్ష రాసిన పిల్లాడే.

నేను డిగ్రీకి ఏలూరు వెళ్ళి హాస్టల్లో ఉండడం మొదలుపెట్టిన ఏడాది, ఈ తీర్పులు తిరగబడ్డాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా అదే మాట వినబడేది: చప్పగా ఉంది. ఏ ఆకు తెచ్చినా చప్పగానే ఉంది. తాతయ్య బెల్లం నీళ్ళు చిలకరించడం మానేశాడు, చప్పగానే ఉంది. నల్లగా దళసరిగా ఉండే ఘాటు ఆకు ఏరి ఏరి లోపల పెట్టించాడు, కాస్త ఫరవాలేదు, అయినా చప్పనే. ఎన్నో ఏళ్ళుగా ఆకు తెచ్చిపోసే షావుకారుతో, కల్తీ సరుకు అంటగడుతున్నావని పోట్లాడి మాటలు మానేశాడు. ఆ షావుకారు పాపం అరుగు మీద ఆకులు పరిచి, వాసన చూడమని బతిమాలాడు. తాతయ్యకు వాసనతో పనేమిటి, ఇంట్లో తీర్పు వచ్చేసిందాయె.

ఇలా ఘాటు పెంచుకుంటూ పోయేసరికి కొట్టుకొచ్చేవాళ్ళ పాట్లు మొదలయ్యాయి. మరుసటి ఏడు దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే, వరసకు బాబాయి అయ్యే ఒకాయన, వేటకు పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చి, తడిసిన లుంగీతో అరుగు మీద కూలబడ్డాడు. చుట్ట ముట్టించిన కాసేపటికే కొల్లేరంతా గిర్రున తిరిగి, దోనెలోంచి నీళ్ళలో పడ్డాడట.

"నువ్వు చుట్టలమ్ముతున్నావా, మందుగుండమ్ముతున్నావా చెప్పు మావయ్యా. ఆ గూడబాతులన్నీ నన్ను చూసి నవ్వాయి!" అన్నాడు.

లోపల్నుంచి అమ్మమ్మ, "ఈ కాలం మగాళ్ళకి దమ్మేదిరా? పాలు తాగి పడుకో," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర సంగతి బయటపడింది. కొరమేను పులుసు. అమ్మ ఒకసారి, పిన్ని ఒకసారి, ఒకరు వేశారని ఒకరికి తెలియక ఉప్పు వేసేశారు. మొదటి ముద్దకే చెల్లెలు నీళ్ళ చెంబు అందుకుంది, తాతయ్య మొహం అదోలా పెట్టి మజ్జిగ పోయించుకున్నాడు. అమ్మమ్మ మాత్రం శుభ్రంగా కలుపుకుని తింటూ, ఈ ఇంట్లో ఉప్పుకు కూడా కరువొచ్చిందా అని ఇంకాస్త వేసుకుంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చప్పబడింది ఆకు కాదు. ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా ఆకును, బెల్లాన్ని, షావుకారును, కొల్లేటి మగవాళ్ళ దమ్మును అనుమానించాం గానీ, ఆవిడ నాలుకను అనుమానించాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు.

నోరు చూపించమన్నాను. "నోట్లో ఏవుందే చూడ్డానికి? ముప్పై రెండు పళ్ళుండేవి, ఇప్పుడన్ని లేవు. అంతే," అంది. నేను వదలలేదు. మూడు పూటలు పోట్లాడాను. అన్నం తినను అన్నాను, నీకే నష్టమంది. కాలేజీకి వెళ్ళను అన్నాను, చదివింది చాల్లే అంది. చివరికి తాతయ్య కొట్లో టార్చిలైటు పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. ఆయన అలా ఇవ్వడం చూసి ఆవిడ నోరు తెరిచింది.

అంగిలి అంతా తెల్లగా, ఎండిన చెరువులో నెర్రెలిచ్చిన మన్నులా ఉంది. మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. ఒకచోట పుండు.

ఆవిడ భయం జబ్బు గురించి కాదని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పెద్దాసుపత్రికి ఏలూరు వెళదాం అంటే, వెళితే చుట్ట మానమంటారు, మానితే ఆకు ఎవరు చూస్తారు, ఆకు చూడకపోతే ఈ ఇంట్లో నా పనేమిటి అని అడిగింది. వంట కోడళ్ళు, కూతుళ్ళు చేస్తున్నారు; లెక్కలు ఆయన చూసుకుంటున్నాడు; గడప దాకా వచ్చి నిలబడి తన మాట కోసం ఎదురుచూసే ఆ కాసేపు తప్ప తనకంటూ ఏముందని ఆవిడ బాధ. ఆ వయసులో నాకది అర్థంలేని పంతంలా తోచింది. ప్రాణం ముఖ్యమా, పొగ ముఖ్యమా అని కాలేజీలో డిబేటులో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న, ఏ పెళ్ళికీ చావుకీ మూయని కొట్టు మూసి, తాతయ్య వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చేతిలో చుట్ట లేదు. "తాళం వేసేశానే. ఇంక లే, బస్సెళ్ళిపోద్ది," అన్నాడు.

ఏలూరులో డాక్టరమ్మగారు అంగిలి చూసి, చుట్ట ఆ క్షణం నుంచే బందన్నారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేవరకూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. అమ్మమ్మ వెలిగించని చుట్ట ఒకటి చేతిలో పట్టుకుని పెరట్లో కూర్చునేది. ఘాటు పోయిందా ఉందా అని అడిగేవాళ్ళు లేరు, చప్పగా ఉందని చెప్పేవాళ్ళూ లేరు. వసారాలో చుట్టేవాళ్ళు కూడా రావడం మానుకున్నారు. వద్దని ఎవరూ చెప్పలేదు, వాళ్ళే రాలేదు.

మళ్ళీ ఏలూరు వెళ్ళిన రోజు బస్సులో కొల్లేరు దాటుతున్నంతసేపూ తాతయ్య, అమ్మమ్మ పక్కన కూర్చుని కిటికీలోంచి నీళ్ళనే చూస్తూ ఉన్నాడు. డాక్టరమ్మగారు కాగితం చదివి తలెత్తి, మనం అనుకున్న జబ్బు కాదు, కానీ దాని గుమ్మం దాకా వెళ్ళింది, చుట్ట మానితే చాలావరకు అదే మానుతుంది, మానకపోతే ఈసారి ఇలా చెప్పలేను అన్నారు. తాతయ్య కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుస్తూనే ఉన్నాడు. నేను బల్ల మీద కూర్చుని, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను. ఆ గదిలో స్థిమితంగా ఉన్నది అమ్మమ్మ ఒక్కతే.

"ఆ జబ్బు కాదన్నారు కదండీ. మరైతే రోజుకొక్కటి కాల్చుకోవచ్చాండీ?" అంది.

డాక్టరమ్మగారూ నేనూ ఒకేసారి అరిచిన అరుపుకి బయట వరసలో కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

మానేసింది. ఎలా మానేసిందో, ఎన్ని వక్కలు నమిలిందో, ఎంతమందిని తిట్టిందో రాస్తే అదొక పుస్తకం. సంక్రాంతి వెళ్ళి, చేలల్లో రెండో పంట నాట్లు పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచంలో చెయ్యి ఆపి గట్టిగా అంది:

"ఈ చారులో ఉప్పెవరు పోశారే? నోట్లో పెట్టుకునేలా ఉందా ఇది?"

అమ్మ వంటకు వంక పెడితే మామూలుగా మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగేది. ఆ రోజు అమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆ చారులో ఉప్పు కాస్త ఎక్కువే. తాతయ్య మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. సాయంత్రం షావుకారు ఇంటికి తనే నడిచి వెళ్ళి, ఆయన్ని వెంటబెట్టుకొచ్చి కాఫీ ఇప్పించాడు. ఘాటు తగ్గించి పాత పద్ధతిలో చుట్టించడం మళ్ళీ మొదలైంది గానీ, మొదటి చుట్ట చూడడం నీళ్ళలో పడ్డ ఆ బాబాయి వంతు అయింది. చూసి బాగుంది అనేవాడు, అంతే. పెళ్ళికొడుకులూ లేరు, అత్తగార్లూ లేరు. అది విని అమ్మమ్మ లోపల్నుంచి మూతి విరిచేది.

అప్పట్నుంచీ ఒక అలవాటు మిగిలింది. నేను ఏలూరు నుంచి వచ్చినా, పెళ్ళయ్యాక అత్తవారింటి నుంచి వచ్చినా, గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే, ఎప్పుడొచ్చావు, ఎలా ఉన్నావు అని అడగడానికి ముందు ఆవిడ నోరు తెరిచి నిలబడేది. సంచి కింద పెట్టి వెలుతురుకు తిప్పి చూసేదాన్ని. లేతగా, శుభ్రంగా ఉండేది. అప్పుడు నోరు మూసి, ఇప్పుడు చెప్పు అనేది. చాలా ఏళ్ళు బతికి, నిద్దట్లో హాయిగా వెళ్ళిపోయింది.

ఇదంతా పూర్తిగా విన్న అల్లుడుగారు పెట్టె మూత సగం మూసి, చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆయన పద్ధతి వేరు, నిప్పు బయటే ఉంటుంది, అదీ ఎప్పుడో ఒకటి అని మా చెల్లెలు సర్దిచెప్పబోయింది. దాని మాట నేను ఎప్పుడు విన్నాను కనక.

"ఏదీ, నోరు తెరవండి బాబూ," అని ఫోనులో లైటు వేశాను.

వరండాలో అందరూ నవ్వుతుంటే ఆయన సిగ్గుపడుతూనే తెరిచారు. ఎక్కడా తెలుపు లేదు, ఎరుపు చుక్కా లేదు. ఎప్పటి ఊపిరో అది, ఏలూరు ఆసుపత్రి బల్ల మీద వదిలినట్టు మళ్ళీ వదిలాను.

"ఎన్ని మార్కులండీ పెద్దత్తయ్యగారూ?" అన్నారాయన.

"ఈసారికి పాసు. నెల తర్వాత మళ్ళీ చూస్తాను," అన్నాను. వెళ్ళి చూస్తాను కూడా.

మండవల్లిలో ఆ కొట్టు ఇప్పుడు చేపల మేత అమ్మే షాపు. వసారాలో ఆకు వాసన లేదు, తవుడు వాసన. మన వైపు ఏ ఆడమనిషి నోట్లోనూ నిప్పు లేదు, అందుకు నాకు ఎంత నిశ్చింతో మాటల్లో చెప్పలేను. మనుమరాళ్ళకు అడ్డపొగ అంటే ఏమిటో చెబితే నమ్మరు, నమ్మకపోవడమే మంచిది. కానీ ఆ దారిన బస్సు వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం అనిపిస్తుంది: ఎంత దూరం నుంచి ఎవరింటికి వెళ్ళినా ఇప్పుడు అందరూ ముందు కుశలమే అడుగుతున్నారు. నన్ను చూడగానే ఏమీ అడక్కుండా, అంత నమ్మకంగా నోరు తెరిచి నిలబడే మనిషి ఇంక ఒక్కరూ లేరు.