టార్చిలైటు వెలుగులో గోరింటాకు

మిక్సీ మూత తీయగానే వంటింటినిండా పరుచుకునే పచ్చి గోరింటాకు వాసనకి మావాళ్లందరికీ పెళ్లిళ్లూ పండగలూ గుర్తొస్తాయట. నాకు మాత్రం రబ్బరు చాపలూ, వాటి మీద తుడిచిన బ్లీచూ, పిల్లల చెమటా, పక్క షాపులోంచి గోడ దాటి వచ్చే పిజ్జా వాసనా గుర్తొస్తాయి. తప్పు గోరింటాకుది కాదు. నా బాల్యం మిషిగన్‌లో, నోవై ఊళ్లో, ఒక డ్రైక్లీనింగ్ షాపుకీ పిజ్జా షాపుకీ మధ్య ఇరుక్కున్న, జుజిట్సు అనే కుస్తీ నేర్పే క్లబ్బులో గడిచింది. కూచిపూడి క్లాసులో ఖాళీ లేదన్నారని, ఖాళీ వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కాళ్లూ చేతులూ ఆడిస్తుందిలెమ్మని అమ్మ నన్ను అక్కడ చేర్పించింది. ఆ ఖాళీ ఇప్పటికీ రాలేదు.

చలికాలమంతా ఆ క్లబ్బు గుమ్మంలో మంచు కరుగుతున్న బూట్లు ఉప్పు మరకలతో గుట్టగా పడి ఉండేవి, హీటరు దగ్గరి చాప కోసం మేమందరం ఒకరి మీద ఒకరం పడి దొర్లేవాళ్లం, దాన్నే వార్మప్ అనుకుని కోచ్ మెచ్చుకునేవాడు. కోచ్ పేరు రే. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. చల్లారిన పూరీల్లా ముడుచుకుపోయిన చెవులు, కుడి ముంజేతి మీద నోరు తెరిచిన పులి పచ్చబొట్టు. ఆ క్లబ్బులో బ్లాక్ బెల్టు వచ్చిన పెద్దవాళ్లందరూ అదే పులిని అదే చోట పొడిపించుకునేవాళ్లు. పిల్లలకి సూది పనికిరాదు కాబట్టి, పోటీల రోజున తడిగుడ్డతో అద్దితే అంటుకునే స్టిక్కరు పులిని ఇచ్చేవాళ్లు. స్నానం చేస్తే పోయే పులిని కాపాడుకోవడానికి నేను సబ్బు ముట్టని రోజులున్నాయి. మా పౌరుషమంతా ఆ స్టిక్కరులోనే ఉండేది, ఎందుకంటే మా ఆటలో పెద్దగా ఉండేది కాదు.

ఆ పులిని వద్దన్నవాడు ఆరీ ఒక్కడే. నా ఈడువాడు, నా ప్రాక్టీసు జోడీ, నా మెడ దొరికితే వదలని మంచి మిత్రుడు. వాళ్లు యూదులు. శనివారం విశ్రాంతి దినం కాబట్టి వాడు ఆదివారం పోటీలకే వచ్చేవాడు. వాళ్ల తాతయ్యని ఇంట్లో జెయిదా అని పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒక శుక్రవారం సాయంత్రం, జడలా అల్లి కాల్చిన తియ్యటి రొట్టెని తుంచి నా చేతిలో పెడుతూ జెయిదా విషయం చెప్పారు: పచ్చబొట్టు వాళ్ల ధర్మశాస్త్రంలో నిషేధం, ఒళ్లు మనది కాదు, కొన్నాళ్లు ఉండమని దేవుడిచ్చింది. నాకు వెంటనే అర్థమైంది. మేం అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో, డిపాజిట్ పోతుందని నాన్న గోడకి క్యాలెండర్ మేకు కూడా కొట్టనిచ్చేవారు కాదు. పచ్చబొట్టు ఉన్నవాళ్లని మీ శ్మశానంలో పూడ్చరటగా అని అడిగితే, అది ఉత్త పుకారు, పూడుస్తారు, వద్దన్నమాట మాత్రం నిజం అన్నారు. ఇంకో కారణం ఆరీ తర్వాత స్కూలు బస్సులో చెప్పాడు. జెయిదా వాళ్లమ్మ చేతి మీద, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఖైదు చేసినవాళ్లు బలవంతాన పొడిచిన నంబరు ఉండేదట. దేనికైనా జోకు వెతికే నాకు ఆ రోజు స్కూలు దాకా ఏదీ దొరకలేదు.

“స్టిక్కరు కడిగితే పోతుంది కదా. జెయిదా కూడా పర్లేదన్నారు,” అన్నాను చివరికి.

“ఆయన అన్నారు. నేననలేదు. ఫేక్‌ది వేసుకుంటే ఒరిజినల్ కావాలని ఉన్నట్టేగా.”

కోచ్ ఎవరిష్టం వాళ్లదన్నాడు. కానీ పెద్దవాళ్ల చట్టం వేరు, పిల్లల చట్టం వేరు. మా టీమ్ కెప్టెన్ టైలర్, “పులి లేకపోతే టీమ్‌లో లేనట్టే,” అని తేల్చేశాడు. జూలైలో జరిగే టీమ్ పోటీకి ఆరీ బదులు ఇంకొకణ్ణి తీసుకుందామని అందరితోనూ అనిపించాడు. ఆరీ బ్యాగు సర్దుకుని, వచ్చేవారం నుంచి రానని నాకు మాత్రం చెప్పాడు. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. టీమ్ మొత్తానికి ఒకే గుర్తు ఉండాలి, అది ఆరీ కూడా వేసుకోగలిగేదై ఉండాలి. లేకపోతే ఎవరికీ ఏదీ ఉండకూడదు. ప్రతిజ్ఞ బ్రహ్మాండంగా ఉంది గానీ ఆ గుర్తేమిటో నాకే తెలీదు.

ఆ వేసవికి అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. వచ్చిన వారానికే, దగ్గర్లోని ట్రాయ్ ఊళ్లో ఉండే ఒక ఆంటీ ఇంటినుంచి కుండీతో సహా గోరింటాకు మొక్కని తెప్పించుకుని, ఇంటి వెనకాల చెక్కలు పరిచిన డెక్ మీద ఎండ ఎటు తిరిగితే అటు జరుపుతూ, పసిపిల్లాడికి చేసినట్టు సేవ చేసింది. ఆషాఢం వచ్చేసరికి దూసుకోవడానికి సరిపడా ఆకు రావాలి, అదీ ఆవిడ లక్ష్యం. ఆవిడ ముంజేతి మీద ఒక తేలు, దాని చుట్టూ చుక్కలు, చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు. ముసలితనంలో చర్మం వదులై తేలు కొంచెం నిద్రపోతున్నట్టుండేది. “పోయేటప్పుడు నగలూ పట్టుచీరా అన్నీ వలుచుకుంటారే. వెంట వచ్చేది ఇదొక్కటే,” అనేది దాన్ని నిమురుకుంటూ. దేవుడిచ్చిన ఒంటిని గీత లేకుండా అప్పగించాలని జెయిదా, గీత లేకుండా పోతే చేతులు ఖాళీ అని అమ్మమ్మ. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న నాకు హోంవర్కు కూడా ఉండేది.

నా గొడవంతా విని అమ్మమ్మ గోంగూర కాడలు గిల్లుతూనే అంది. “దీనికింత ఏడుపెందుకే? ఆ పిల్లాడికి గోరింటాకు పెడతా, పిలుచుకురా. పండుద్ది, పోద్ది.”

ఆరీ ఇంట్లో అడిగాడు, జెయిదా వాళ్ల గురువుగారిని అడిగారు. చర్మం పొడిచి లోపల రంగు నింపడమే తప్పనీ, పైన పండే రంగుకి దోషం లేదనీ, కొన్ని దేశాల యూదుల్లో పెళ్లికి ముందు గోరింటాకు పెట్టుకునే ఆచారమే ఉందనీ జవాబొచ్చింది. ఆరీకీ ఇది నచ్చింది. దేనికీ నకిలీ కాదుగా అన్నాడు. పులి బదులు టీమందరికీ గోరింటాకే అంటే టైలర్ ఒప్పుకోడనుకున్నాను. వాడు అమ్మమ్మ చేతి మీది తేలుని చూసి, “మీ గ్రాండ్‌మా గ్యాంగ్‌లో ఉండేదా?” అని గుసగుసగా అడిగి, నేను కాదనే లోపే చెయ్యి చాపేశాడు.

పోటీ ఆదివారం, ముందురోజు ఆరీవాళ్ల విశ్రాంతి దినం కాబట్టి గురువారం సాయంత్రమే, అస్తమించడానికి ఇష్టపడని మిషిగన్ ఎండలో, టీమంతా మా డెక్ మీద బారుగా కూర్చుంది. అమ్మమ్మ ఒక్కో అరచేతి మధ్యలో గుండ్రంగా చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకి టోపీలు పెట్టుకుంటూ పోయింది. అరచేతులు కదపకూడదు కాబట్టి పులిహోర అందరికీ తినిపించాల్సి వచ్చింది. ఆరీని దింపడానికొచ్చిన జెయిదాని “అన్నయ్యగారూ, కూర్చోండి,” అని కూర్చోబెట్టింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చక్కగా మాట్లాడుకున్నారు. వెళ్లేముందు ఆయన చిటికెన వేలు ముందుకు చాపారు, ఎటో చూస్తూ.

పోటీ రోజుకి చేతులు అద్భుతంగా పండాయి. చిక్కంతా అదే. మా ఆటలో చాప మీదికి వెళ్లేముందు ఒళ్లు పరీక్ష ఉంటుంది. ఒకరికి తామర ఉంటే పట్టు పట్టినవాళ్లందరికీ అంటుకుంటుందని రిఫరీ టార్చిలైటు వేసి మరీ చూస్తాడు. తామర ఎర్రగా, గుండ్రంగా, అంచు తేలి ఉంటుంది. మా అరచేతులూ అలాగే ఉన్నాయి. ఆయన మొదటి చెయ్యి చూసి ముఖం చిట్లించాడు, రెండోది చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు, మూడోది చూసి తన చేతులకి శానిటైజర్ రాసుకుని మొత్తం టీమ్‌ని పక్కకి నిలబెట్టాడు.

“ఇది నా కోసం పెట్టుకున్నారు. నన్ను తీసేసి వాళ్లని పంపండి,” అన్నాడు ఆరీ రిఫరీతో. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

నేను నోరు తెరిచేలోపే టైలర్, నేల చూస్తూ, “వాడు లేకపోతే మేమూ లేం,” అన్నాడు. అన్నాక తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు మా అందరి ముఖాలూ చూశాడు.

చీర మీద స్వెట్టరు, కాళ్లకి నా పాత స్పోర్ట్స్ షూసుతో అమ్మమ్మ జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కింద నుంచి దూరి వచ్చింది. “ఏవిటే, ఎందుకాపాడు?”

“మా చేతులకి జబ్బుందంటున్నారు అమ్మమ్మా.”

“జబ్బా? కళ్లకేమో చూపించుకోమను.” తన అరచేతిని నేరుగా ఆ టార్చిలైటు కింద పెట్టింది. “చూడు నాయనా, నాకూ ఉంది. ఏటేటా వస్తుంది. ఇంకా చావలేదు.”

జెయిదా కూడా గ్యాలరీలోంచి దిగి వచ్చి, పండిన చిటికెన వేలిని పక్కనే గంభీరంగా నిలబెట్టారు. రిఫరీ వేలితో రుద్దాడు, వాసన చూశాడు, కాసేపు ఆ తేలు వంక చూశాడు, సరే వెళ్లమన్నాడు. మా కోచ్ అయితే ఆ తేలుకి ఎదురుగా నడుం వంచి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత మేం చాప మీదికి వెళ్లి, ఆరీతో సహా, వరసగా అందరం ఓడిపోయాం. ఓడిపోయాక తీసిన ఫొటోలో అందరం చేతులు కెమెరాకి చూపిస్తున్నాం, ఆరీ మధ్యలో ఉన్నాడు.

ఇప్పుడు ఆ క్లబ్బు ఉన్నచోట గోళ్లకి రంగులేసే దుకాణం ఉంది. కోచ్ చలి పడక ఫ్లోరిడా వెళ్లిపోయాడు. టైలర్ బ్లాక్ బెల్టు రాగానే నిజం పులినే పొడిపించుకున్నాడు. ఈమధ్య ఒళ్లు చేసి అది బాగా తిన్న పిల్లిలా ఉంది. జెయిదా వెళ్లిపోయారు, ఒంటిమీద గీత లేకుండా, వచ్చినవారు వచ్చినట్టే. అమ్మమ్మ వెళ్లిపోయింది, తేలుని వెంట తీసుకుని. ఎవరికి కావలసినట్టు వాళ్లు వెళ్లారు. నా చేతి మీద ఏమీ లేదు. అమ్మమ్మ లెక్కలో నేను వట్టి చేతులతో పోతాను, జెయిదా లెక్కలో అదే పద్ధతి, కాబట్టి ఒకరైనా నన్ను మెచ్చుకుంటారు.

కుండీ మాత్రం నా దగ్గరే ఉంది. నవంబరు నుంచి హాల్లో లైటు కింద, ఎండలొచ్చాక డెక్ మీద, ప్రతి ఏడూ చచ్చినట్టుండి బతుకుతుంది. దానికీ నాకూ పంతం. ఆరీ ఇప్పుడు తన ప్రార్థనా మందిరం హాల్లో పిల్లలకి జుజిట్సు నేర్పుతున్నాడు, బోసి ముంజేతితో, నల్ల బెల్టుతో. పొద్దున ఫోన్ చేసి, “ఆదివారం పోటీ. పిల్లలు బయల్దేరారు, ఆకు సరిపోతుందా?” అన్నాడు. సరిపోదు. అయినా సరిపోతుందన్నాను, చందమామలు కొంచెం చిన్నవి పెడతాను. రిఫరీకి ముందే ఫోన్ చేసి, అవి తామర కాదని చెప్పి ఉంచాను.