ఒప్పందానికెక్కని ఎండ

సౌదీలోని జుబైల్‌లో మీటింగ్ అనే మాట నోటితో అనకూడదు. దావత్ అనాలి. అనుమతి లేకుండా పదిమంది కూర్చుని చర్చలు పెట్టుకుంటే ఎవరికి ఏం చుట్టుకుంటుందో తెలియదు. అదే పదిమంది మటన్ కూర ముందు కూర్చుంటే ఎవరూ అడగరు. అందుకే మా క్యాంపులో ముఖ్యమైన మాటలన్నీ శుక్రవారం పొయ్యి వెలిగించాకే మొదలవుతాయి.

ఆ శుక్రవారం మా గదికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వలస కూలీల కోసం పనిచేసే సంఘం ఆయనది. మన దేశానికీ గల్ఫ్ దేశాలకీ మధ్య వ్యాపార ఒప్పందం గురించి మాటలు నడుస్తున్నాయి. ఏ సరుకు మీద ఎంత సుంకమో తేల్చుకునేటప్పుడు, ఇక్కడ ఒళ్లొంచి పనిచేసే మనుషుల గురించి కూడా నాలుగు ముక్కలు రాయండని కొన్ని సంఘాలు కలిసి ప్రభుత్వానికి విన్నపం ఇస్తున్నాయట. అందులో మా మాటలు చేర్చడానికి వచ్చాడు. నాకైతే నవ్వొచ్చింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? కానీ మా బావ నవ్వలేదు.

బావ అంటే నా చుట్టమేం కాదు. ఆయనది జగిత్యాల దిక్కు, నాది సిరిసిల్ల. గదిలో మంచాలు పక్కపక్కన పడ్డాయి కాబట్టి వరస కలుపుకున్నాం. ఆయన ప్లాంట్లలో ఎత్తు మీద నిలబడి ఇనుప గొట్టాలతో స్కాఫోల్డింగ్ మంచెలు కట్టేవాడు, నేను హాజరు రాసే టైమ్‌కీపర్ని. ఆ ఏడాది ఆయన కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయని డాక్టర్ చెప్పాడు. షుగర్ లేదు, బీపీ లేదు, మందు అలవాటు లేదు. ఏళ్ల తరబడి ఎండలో ఒళ్లు ఎండబెట్టుకోవడం వల్లే కావచ్చన్నాడు. కాగితం మీద మాత్రం మామూలు జబ్బనే రాశారు. ఎండ వల్ల వచ్చిన జబ్బును పని వల్ల వచ్చిన జబ్బుగా చూడాలని ఒప్పందంలో ఒక్క మాట రాయించాలన్నదే బావ పట్టుదల.

"నేనెట్లాగూ ఇంటికి పోతున్న బామ్మర్దీ. నా ఎనుకచ్చెటోళ్లకన్న పనికస్తది. నా నోటితోని నేనే జెప్త, నువ్వు నడుమల రాకు," అన్నాడు.

వచ్చిన చిక్కల్లా వంట దగ్గర వచ్చింది. దావత్ అన్నాక వంట నిజంగా ఉండాలి, మా క్యాంపులో మటన్ అంటే బావే వండాలి. "నువ్వు కూసో, ఎవలన్న వండుతరు" అన్నందుకు నా మీదికి లేచాడు.

"థూ! మన గడప తొక్కిన మనిషికి పప్పు వోసి పంపుతమా? ఇజ్జత్ బోదా?"

లుంగీ ఎగగట్టి వంటింట్లోకి పోయాడు.

గదిలో పెద్దమనిషి అడుగుతున్నాడు, మావాళ్లు చెబుతున్నారు. తమ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లడం లేదని వెల్డర్లు, ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డులో ఒక పని రాసి ఇంకో పని చేయిస్తున్నారని ఫిట్టర్లు. ఆయన ఓపిగ్గా రాసుకుంటూనే ఉన్నాడు. నేను మాటిమాటికీ వంటింట్లోకి పోయి బావను పిలుస్తుంటే, "ముక్క ఇంక ఉడకలే, వస్తున్న పో" అని తరిమాడు.

బావ గిన్నె పట్టుకుని వచ్చేసరికి చర్చ అయిపోయింది. విస్తళ్ల ముందు రోగాల మాట ఎత్తడం మాకు మర్యాద కాదు. అందరూ తిన్నారు. కింద కారు హారన్ కొట్టింది, దమ్మాంలో విమానానికి వేళవుతోంది. నేనుండబట్టలేక, "సార్, మా బావ మీకో మాట చెప్పాలె" అన్నాను.

పెద్దమనిషి గుమ్మంలో ఆగి, "చెప్పండన్నా" అన్నాడు.

బావ తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నావైపు చూశాడు, ఆయన వైపు చూశాడు.

"ఉప్పు సరిపోయిందా సార్?"

"అమోఘంగా ఉందన్నా," అని ఆయన బావ చేతులు పట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! "నోరు వడిపోయిందా బావా నీకు?" అని అరిచాను. బావ గిన్నెలు తోముతూ, "తిని లేచిన మనిషికి ఏం జెప్పుతమే," అన్నాడు.

తర్వాత నేనే ఫోన్ చేసి పెద్దమనిషికి సంగతంతా చెప్పాను. పాపం, ఆయన నిజంగానే బాధపడ్డాడు. విన్నపం అప్పటికే పంపేశామని, మళ్లీ చర్చలు జరిగినప్పుడు తప్పకుండా చేరుస్తామని అన్నాడు. ఎవరి మీద కోపం తీర్చుకోవాలో నాకు తెలియలేదు.

బావ కొలువు పూర్తిగా వదిలేసి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మొన్న ఫోన్‌లో గొంతు బాగా నీరసించింది.

"మల్ల మాట్లాడుకునుడు ఎప్పుడట?"

"ఇంక తెల్వది బావా."

"నా జాగల ఎవల వెట్టిన్రు?"

"కోరుట్ల ఆయన. కొత్తగ వచ్చిండు."

"అయితే వాళ్లు రాసెదాక సూడకు. ఒంటికి పోయెతందుకు పైకెల్లి కిందికి దిగితే ఫోర్‌మన్ ఒర్రుతడని, నేను నీళ్లు తాగుడే బంజేసిన. ఆయన్ని తాగుమను. ఒర్రితే ఒర్రనియ్యి."

మర్నాడు పొద్దున బస్సు దగ్గర ఆ కొత్తాయనకు అంతా చెప్పాను. బుద్ధిగా విన్నాడు. చేతిలోని నీళ్ల సీసా ఎత్తి ఒక్క గుక్క తాగి, మూత బిగించి సంచిలో పెట్టేశాడు.

"పైన టాయిలెట్ లేదు గదన్నా," అన్నాడు.