వెర్లీన్ పగలగొట్టిన గోడ

వెర్లీన్ గిల్లోరీకి కోపం రావడం మా ఏడో వార్డులో ఎవరికీ వింత కాదు. ఇరవై ఆరేళ్ళు ఆ వీధుల్లో ఉత్తరాలు పంచినవాణ్ణి, ఆవిడ కోపాలన్నీ నాకు తెలుసు. కరెంటు బిల్లు తప్పుగా వస్తే ఒక రకం. పక్కింటివాళ్ళు చెత్తడబ్బా ఆవిడ గుమ్మం ముందుకు జరిపితే ఇంకో రకం. అవి వచ్చినట్టే వచ్చి పోయేవి. కాన్‌స్టెంట్ హాలు విషయంలో వచ్చిన కోపం మాత్రం వచ్చి, కూర్చుని, ఇక లేవలేదు.

ఆవిడది తాపీ పని. గోడలకూ కప్పులకూ సున్నపు గచ్చు పూయడం, అంచుల వెంట తీగలూ ఆకులూ దిద్దడం. తాత సెప్టీమ్ అదే చేశాడు, తండ్రి యులిస్ అదే చేశాడు. యులిస్‌కు ముగ్గురు కొడుకులున్నారు గానీ, సున్నానికి చేతులు పగులుతున్నాయని ఒకరి తరవాత ఒకరు తప్పుకున్నారు. వెర్లీన్ చేతులూ పగిలాయి. ఆవిడ తప్పుకోలేదు. ఆడమనిషని ముప్పై నాలుగో ఏడు వచ్చేదాకా ఆవిడకు యూనియన్‌వాళ్ళు మేస్త్రీ కార్డు ఇవ్వలేదు. అప్పటికే ఊళ్ళో పెద్ద పెద్ద ఇళ్ళ కప్పులు ఎన్నో ఆవిడ చేతి మీదుగా వెళ్ళాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను వేలి కణుపుతో తట్టి చూసి, ఆ తరవాతే మనుషుల్ని పలకరించేది. చావు ఇంటికి వెళ్ళినా అంతే.

మా వీధి మొగలో ఉన్న ఆ హాలును కట్టించుకుంది బట్టలుతికే ఆడవాళ్ళూ, వంటవాళ్ళూ, తాపీ మేస్త్రీలూ. నల్లవాళ్ళ మంచం దగ్గరికి ఏ డాక్టరూ రాని కాలంలో వాళ్ళే ఒక సంఘం పెట్టుకుని, జబ్బు చేసినవాళ్ళకు డాక్టరును పంపేవారు, పోయినవాళ్ళను బ్యాండు మేళంతో సాగనంపేవారు. నది ఒండ్రుమట్టితో చేసిన మెత్తటి ఇటుకతో కట్టిన గోడలు. కప్పు నడిమధ్య సెప్టీమ్ చేసిన గచ్చు పువ్వు ఉండేది. దాని చుట్టూ ఎనిమిది మాగ్నోలియా ఆకులు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. మా అమ్మానాన్నలు కలుసుకున్నది ఆ పువ్వు కింద జరిగిన డాన్సులోనే. ఊళ్ళో సగంమంది ఇదే మాట చెబుతారు.

పెద్ద తుఫాను వచ్చినప్పుడు హాల్లో నీళ్ళు పదకొండు రోజులు నిలిచాయి. చాలామంది సభ్యులు ఊరు విడిచి వెళ్ళి మళ్ళీ రాలేదు. హాలుకు తాళం పడింది. వెర్లీన్ ఒక్కతే పన్నెండేళ్ళపాటు ప్రతి జూన్‌లోనూ నిచ్చెన వేసుకుని పైకప్పు మీదికి ఎక్కి, చిల్లుల మీద టార్పాలిన్ బిగించి దిగేది. హాలును బాగుచేయమని ఎవరెవరికో ఉత్తరాలు రాసేది. వాటిని పట్టుకెళ్ళిందీ నేనే, జవాబేమీ రాలేదని చెప్పిందీ నేనే. "తమ్ముడూ, నువ్వు సంచి సరిగ్గా వెతికావా?" అనేది ప్రతిసారీ.

చివరికి పాత కట్టడాలను బాగుచేసే సంస్థ ఒకటి వచ్చింది. సంఘానికి మిగిలిన ఒకే ఒక్క పెద్ద, తొంభై ఏళ్ళ మిస్ యులాలీ ప్రవో, కాగితాల మీద సంతకం చేసి హాలును వాళ్ళకు దీర్ఘకాలం లీజుకు ఇచ్చింది. సంస్థను నడిపే కారిన్ హోల్‌స్టెడ్ మర్యాదస్తురాలు, మెల్లగా మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తల ఊపుతుంది. వాళ్ళు వచ్చిన మొదటి నెలరోజులూ వెర్లీన్ ముఖంలో కోపమన్నది చూడలేదు నేను. నాకే ఏదో వెలితిగా అనిపించింది.

ఏప్రిల్‌లో వాళ్ళు ఒక చిన్న సినిమా తీశారు. హాలు గురించి లోకానికి చెప్పాలట. వెర్లీన్‌ను గోడ పక్కన నిలబెట్టి, తాతగారు గుర్తొస్తే ఏమనిపిస్తోందని అడిగారు. ఆవిడ గోడ అడుగుభాగం చూపించింది. నేలలోని తడి ఇటుకలోకి పాకుతోందనీ, సున్నం పూస్తే ఆ తడిని బయటికి వదిలేస్తుందనీ, సిమెంటు పూస్తే లోపలే బిగించి ఇటుకను తినేస్తుందనీ వివరంగా చెప్పింది. వాళ్ళు తల ఊపారు. చాలా బాగుంది, ఇప్పుడు ఒక్కసారి తాతగారి గురించి చెప్పండి అన్నారు. మళ్ళీ గోడ గురించే చెప్పింది. మళ్ళీ తాతగారి గురించే అడిగారు. ఆ రోజు పాత గచ్చు దుమ్ముకు ఆవిడ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. సినిమా వచ్చాక చూస్తే ఆ కన్నీళ్ళు ఉన్నాయి, వెనకాల పియానో ఉంది. తడి గురించి ఒక్క ముక్క లేదు.

అప్పటికీ ఆవిడ ఊరుకుంది. సినిమావాళ్ళకు ఏం తెలుస్తుందిలే, పని చేసేవాళ్ళకు తెలిసి ఉంటుంది అనుకుంది.

జూన్‌లో ఒక సోమవారం, పొయ్యి మీద రాజ్మా ఉడుకుతుండగా కిటికీలోంచి లారీని చూసింది. సిమెంటు బస్తాలు దిగుతున్నాయి. పొయ్యి ఆర్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది. నేను ఎదురింటి పెట్టెలో ఉత్తరాలు వేస్తున్నాను, అంతా చూశాను. పని చూసే కైల్ అనే అతను గేటు దగ్గరే ఆపాడు.

"హెల్మెట్ లేకుండా లోపలికి రాకూడదండీ. సందర్శకులకు శుక్రవారం."

"నేను సందర్శకురాలినా? లోపల కప్పు మా తాత చేతిది."

"తెలుసండీ, సినిమా చూశాను. చాలా బాగా చేశారు మీరు."

ఆ మాటకు ఆవిడ ముఖం ఎలా మారిందో చెప్పలేను. ఈ గోడకు సిమెంటు పూయకూడదని ఆవిడ చెబుతూనే ఉంది, అతను ఫోన్లో ఏదో చూపించి మా కాగితాల్లో ఇలాగే ఉందండీ అంటూనే ఉన్నాడు. అతను అబద్ధమాడలేదు. వేరే రాష్ట్రంలో కూర్చుని ఎవరో రాసిన కాగితం అది. రాసినవాడు ఈ గోడను చేత్తో ముట్టుకోలేదు.

అక్కణ్ణుంచి కారిన్ దగ్గరికి వెళ్ళింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి నన్నూ తోడు తీసుకెళ్ళింది, మాట మారిస్తే సాక్షి ఉండాలని. కారిన్ మంచినీళ్ళు ఇచ్చి, మీ ఆవేదన మాకు అర్థమవుతోంది అంది.

"నేను ఆవేదన పడటం లేదమ్మా," అంది వెర్లీన్. "సున్నం గురించి చెబుతున్నాను. నలభై తొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆ గోడకు ఊపిరాడదు అంటున్నాను. నేను ఏడిస్తే మూడు కెమెరాలు పెట్టారు. మాట చెబితే రాసుకోవడానికి ఒక పెన్సిల్ లేదా ఇక్కడ?"

కారిన్ ముఖం ఎర్రబడింది. ఇంజనీర్లతో మాట్లాడతానంది. ద్వారం పక్కన ఇత్తడి పలక పెడుతున్నామనీ, దాని మీద సెప్టీమ్ పేరు కింద వెర్లీన్ పేరు కూడా చెక్కించాలని అనుకుంటున్నామనీ అంది. వెర్లీన్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. ఇంటి దగ్గర నా కారు దిగేటప్పుడు, "పలకట," అని తలుపు వేసిన వేటుకు దాని అద్దం ఊగిపోయింది.

పని ఆగలేదు. జూలై అంతా గోడలు బూడిదరంగుకు తిరిగాయి, నున్నగా, అద్దంలా. పైన తెల్లరంగు వేశారు. వచ్చినవాళ్ళందరూ భలే ఉందన్నారు. నేనూ అన్నాను, ఆవిడకు వినపడకుండా.

ఆగస్టులో వానలు పట్టాయి. వెర్లీన్ రోజూ పొద్దున పేవ్‌మెంటు మీద నిలబడి కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూసేది. గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగింది. రంగు బొబ్బలెక్కింది. కారిన్‌కు ఫోన్ చేస్తే సెలవు మీద ఉన్నారన్నారు. కైల్‌కు చెబితే, కొత్త పూత కదండీ, మొదట్లో అలాగే ఉంటుంది, మళ్ళీ రంగు వేస్తామన్నాడు.

ఆ వారం శనివారం పొద్దున పదిగంటలకు, ఎండ చురుక్కుమంటుండగా, ఆవిడ తన తండ్రి వాడిన సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చింది. రంగు వేసేవాళ్ళు ఉన్నారు, గేటు తీసే ఉంది. నేరుగా ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. రంగు వేసేవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని కుంచెలు దించేశారు. అరగంటలో వీధి వీధంతా గుమ్మం దగ్గర చేరింది. ఒక పెద్ద పెచ్చు ఊడిపడగానే వెనకాల ఇటుక కనిపించింది. ఆవిడ దాన్ని వేలితో నొక్కింది. టీలో ముంచిన బిస్కెట్‌లా వేలు లోపలికి దిగిపోయింది.

"చూడండి," అంది, మా వైపు తిరగకుండానే. "నూరేళ్ళు నిలబడ్డ గోడ. తుఫాను నీళ్ళలో పదకొండు రోజులు నిలబడ్డ గోడ. రెండు నెలల్లో ఇలా చేశారు."

కబురంది కైల్ వచ్చాడు, వెనకే పోలీసులు వచ్చారు. వచ్చిన ఆఫీసరు మా వార్డు అమ్మాయే, ఆవిడ ఇంటి వెనకాల పెరిగింది. సుత్తి కింద పెట్టండి మిస్ వెర్లీన్, నన్ను ఇబ్బంది పెట్టకండి అని బతిమాలింది. ఇంకో రెండడుగులు ఉంది, అది కూడా చూసి వెళ్ళమంది వెర్లీన్. ఎవరో వెళ్ళి మిస్ యులాలీని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆ ముసలావిడ రాలిన ఇటుక పొడిని గుప్పెట్లోకి తీసుకుని, చాలాసేపు చూసి, ఆ చేతిని అలాగే కైల్ ముందుకు చాచింది.

"బాబూ, మా అమ్మ ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికి ఈ ఇటుకలు కొనిపెట్టింది. ఇది నీ దగ్గర ఉంచుకో. మీ కాగితాల్లో దీన్ని ఎక్కడ రాసుకుంటావో రాసుకో."

కైల్ చెయ్యి చాచాడు. ఇంకేం చెయ్యాలో అతనికి తోచలేదు పాపం. వెర్లీన్‌ను కారెక్కించి తీసుకెళ్ళారు. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళిందనీ, కట్టడాన్ని పాడుచేసిందనీ కేసు పెట్టారు. పాడుచేసిందన్న మాట దగ్గర ఆవిడ నవ్విందట. ఆ నవ్వు చూస్తే భయమేసిందని ఆ ఆఫీసరమ్మాయే తరవాత నాతో చెప్పింది.

కేసు వాయిదా పడింది. ఈలోగా సంస్థవాళ్ళు ఒక పెద్ద ఇంజనీరును పిలిపించారు. ఆయన వారం రోజులు చూసి పదకొండు పేజీలు రాశాడు. వెర్లీన్ ఏప్రిల్‌లో ఒక్క గుక్కలో చెప్పిందే ఆ పదకొండు పేజీల్లోనూ ఉంది. ఆ కాగితం వచ్చేలోపే ఘోరం జరిగింది. ఉత్తరపు గోడలోకి దిగి ఉన్న దూలాల కొసలు, కింద ఇటుక పొడైపోవడంతో అంగుళం కుంగాయి. సెప్టెంబరు రెండో వారంలో, లోపల ఎవరూ లేనప్పుడు, కప్పు మధ్య పువ్వు ఊడి నేల మీద పడింది. చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. వెర్లీన్ వెళ్ళి చూడలేదు. పెరట్లో సున్నం నానబెట్టిన డ్రమ్ముల మధ్య సాయంత్రందాకా కూర్చుంది. పలకరించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కారిన్ ఆవిడ ఇంటికి వచ్చినప్పుడు నేను వరండా మెట్ల దగ్గరే ఉన్నాను. వెళ్ళిపోబోతే వెర్లీన్ కూర్చోమని సైగ చేసింది. కారిన్ నిజంగానే ఏడ్చి ఉంది, కళ్ళు వాచాయి. ఇంజనీరు కాగితం బల్ల మీద పెట్టి, మాకు ఈ విషయం ఇంత స్పష్టంగా ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అంది.

వెర్లీన్ ఆ కాగితాన్ని పక్కకు జరిపింది.

"నేను చెప్పాను. ఏప్రిల్‌లో చెప్పాను, మీ కెమెరా ముందే. జూన్‌లో మూడుసార్లు నీ ఆఫీసుకు వచ్చి చెప్పాను. ఇదిగో, ఈ పోస్టుమాస్టరు సాక్షి." నేను పోస్టుమాస్టరును కాను, కానీ సరిదిద్దే సమయం కాదది. "నువ్వు విన్నావమ్మా. విని, దాన్ని కథ కింద తీసిపారేశావు. ఆ పెద్ద ఇంజనీరు చెబితే లెక్క కింద తీసుకున్నావు. ఈ కాగితంలో నా పేరు ఎక్కడైనా ఉందా?"

లేదు. కారిన్ పేజీలు తిప్పి చూసి, లేదని ఒప్పుకుంది. గచ్చు పనంతా మీరే చేయించాలని అడగడానికి వచ్చానంది.

వెర్లీన్ ఒప్పుకుంది, తన షరతుల మీద. కేసు వెనక్కి తీసుకోవాలి. సిమెంటు పూసినవాళ్ళే దాన్ని ఒలవాలి, ఉలితో, మిషను పెట్టకుండా. గచ్చు పనికి మనుషుల్ని తానే ఎంచుకుంటుంది. సినిమాలో కత్తిరించిన గోడ మాటలు తిరిగి కలపాలి. చివరిదానికి కారిన్ నసిగింది. సినిమాను ఇప్పటికే చాలామంది చూశారంది. అయితే మళ్ళీ చూస్తారు, అంది వెర్లీన్.

ఏడాది పట్టింది. ఉత్తరపు గోడలో మూడోవంతు విప్పి కట్టారు. వెర్లీన్ మా వార్డు నుంచి నలుగురు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. అందులో ఒకావిడ బడి బస్సు నడుపుతుంది, ఒకావిడ హోటల్లో పక్కలు వేస్తుంది. వాళ్ళ మీద కూడా అరిచేది. తాపీ పట్టుకునే తీరు తప్పితే మణికట్టు మీద చిన్న దెబ్బ వేసేది. వాళ్ళు ఎవరూ మానలేదు.

పువ్వును ఫోటోలు చూసి మళ్ళీ చేయమని సంస్థవాళ్ళు ఎంతగానో అడిగారు. వెర్లీన్ చేయగలదు కూడా. చేయనంది. కప్పంతా తెల్లగా గచ్చు చేయించి, పువ్వు ఉన్న చోట మాత్రం గచ్చును పట్టి ఉంచే చెక్క బద్దలు బయటికి కనిపించేలా గుండ్రంగా వదిలేయించింది. చూసేవాళ్ళకు బాగుండదు అని కారిన్ అంటే, బాగుండకూడదనే వదిలాను అంది.

కిందటి నవంబరులో హాలు తెరిచారు. వెర్లీన్‌ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారు, మాట్లాడనంది. వెనక బెంచీలో మిస్ యులాలీ పక్కన కూర్చుని గంబో పులుసు తిన్నది, ఉప్పు చాల్లేదంది. మేళం మొదలయ్యాక ఖరీదైన కోటు వేసుకున్న ఒకాయన గోడ మీద అరచెయ్యి ఆనించి, ఎంత చల్లగా ఉందో అని మురిసిపోతున్నాడు.

వెర్లీన్ గిన్నె పక్కన పెట్టి లేచింది.

"చెయ్యి తియ్యండి. ఇంకా ఆరలేదు అది."

ఆయన గబుక్కున చెయ్యి తీసేశాడు.